పిల్లవాడు ఏదో మింగాడు, ఎవరిని అడగాలి? విష సమాచార కేంద్రం గురించి పాఠశాల నర్సులు తరచుగా అడిగే ప్రశ్నలు

గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో పనిచేసే స్టాఫ్ నర్సులు, ఏఎన్ఎంలు ఎక్కడ కలిసినా ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి, అక్కడికక్కడే చదివి వదిలేయవచ్చు. బిడ్డకు స్పృహ తప్పినా, ఫిట్స్ వస్తున్నా, ఊపిరి అందకపోయినా చదవడం ఆపి వెంటనే 108కి ఫోను చేయండి.

## ఏమీ జరగక ముందు

విష సమాచార కేంద్రం అంటే ఏమిటి? అదేమైనా ఆసుపత్రా?

ఆసుపత్రి కాదు. ఫోనులో సలహా ఇచ్చే నిపుణుల బృందం. ఢిల్లీ ఎయిమ్స్‌లోని ఫార్మకాలజీ విభాగంలో 1995 నుంచి జాతీయ విష సమాచార కేంద్రం నడుస్తోంది. టోల్ ఫ్రీ నంబరు 1800 116 117. రాత్రింబవళ్లు పనిచేస్తుంది. ఒక మందులో, పురుగుమందులో, ఫినాయిల్లో ఏముంటుంది, ఎంత బరువున్న బిడ్డకు ఎంత మోతాదు ప్రమాదం, లక్షణాలు ఏ గంటకు బయటపడతాయి, విరుగుడు ఉందా లేదా అన్నది చూసి చెప్పడం వారి పని. ఇలాంటి మొదటి కేంద్రం 1953లో షికాగోలో వచ్చింది. అమెరికాలో 2002 నుంచి దేశమంతటికీ ఒకే నంబరు ఉంది. అక్కడి బడి నర్సులకు ఆ నంబరు మామూలు పనిముట్టు. మన దగ్గర నంబరు ఉన్నా, అది ఉందన్న సంగతే చాలామందికి తెలియదు.

మా ప్రిన్సిపాల్ "108 ఉంది కదా, ఇంకో నంబరు ఎందుకు?" అంటున్నారు. ఏం చెప్పాలి?

108 బిడ్డను తీసుకువెళుతుంది. తీసుకువెళ్లాలా వద్దా, ఎంత తొందరగా, ఎలాంటి ఆసుపత్రికి అన్న ప్రశ్నలకు విష సమాచార కేంద్రం జవాబు చెబుతుంది. సుద్దముక్క మింగిన పిల్లవాడిని నలభై కిలోమీటర్లు మోసుకుపోవడం ఎంత అనవసరమో, పారాసెటమాల్ మాత్రలు మింగి నవ్వుతూ తిరుగుతున్న పిల్లను "బాగానే ఉంది కదా" అని పడుకోబెట్టడం అంత ప్రమాదం. పైకి కనిపించేదాన్ని బట్టి ఈ రెండింటినీ విడదీయలేం. ఆ పని నర్సు ఒక్కరి మీద వేయడం అన్యాయం కూడా.

నాకు హిందీ, ఇంగ్లీషు అంతంత మాత్రం. ఢిల్లీకి ఫోను చేసి ఎలా మాట్లాడాలి?

తెలుగులో మాట్లాడేవారు దొరుకుతారన్న ఆశ పెట్టుకోవద్దు. హిందీ లేదా ఇంగ్లీషు ఉపాధ్యాయులలో ఒకరితో ముందే మాట్లాడి పెట్టుకోండి. బిడ్డ పక్కన మీరు ఉండి చూసింది చెబుతూ ఉంటే, వారు ఫోనులో చెబుతారు. హాస్టల్లో రాత్రి ఎవరు ఉంటారో ఆ పేరు కూడా అనుకోండి, ఎందుకంటే ఇలాంటివి బడి వేళలు చూసుకుని జరగవు. వయసు, బరువు, మింగిన వస్తువు, ఎంత, ఎప్పుడు, ఇప్పుడెలా ఉంది అన్న ఆరు విషయాలను చిన్న చిన్న వాక్యాలుగా రాసి గోడకు అంటిస్తే, మాట తడబడినా పని జరుగుతుంది.

ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి?

రెండు జాబితాలు. మొదటిది పిల్లల బరువులది. ఆరోగ్య పరీక్షల రిజిస్టరులో ఎలాగూ ఉంటాయి, అవసరమైన క్షణంలో చేతికందేలా పెట్టుకోవాలి. రెండోది బడి ఆవరణలో ఉన్న రసాయనాలది: ఫినాయిల్, మరుగుదొడ్లు కడిగే యాసిడ్, బ్లీచింగ్ పౌడర్, ఎలుకల మందు, తోటలో కొట్టే మందు, సైన్సు ల్యాబులోని సీసాలు. పేరు మాత్రమే కాదు, లోపల ఏ రసాయనం ఎంత శాతం ఉందో లేబులు చూసి రాయాలి. లేబుల్ని ఫోనులో ఫొటో తీసి ఉంచుకుంటే మరీ మంచిది.

పురుగుమందు డబ్బా మీద మూల మీద నిలబెట్టినట్టుండే చతురస్రంలో కింది సగం ఏ రంగులో ఉందో చూడండి. ఎరుపు అత్యంత విషం, పసుపు దాని తర్వాత, నీలం, ఆకుపచ్చ ఆ తర్వాత. ఎరుపు, పసుపు రంగు డబ్బాలకు బడిలో చోటు ఎందుకని వార్డెన్‌ను అడిగే హక్కు మీకుంది. అడగండి.

బొగ్గు పొడి (యాక్టివేటెడ్ చార్‌కోల్) కొని పెట్టుకోమంటారా?

వద్దు. ఇనుము మాత్రలకు, యాసిడ్‌కు, కిరోసిన్‌కు అది పనిచేయదు. మగతగా ఉన్న బిడ్డకు తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది ఆసుపత్రిలో వైద్యులు చూసి ఇవ్వాల్సిన మందు.

## మొదటి నిమిషాల్లో

ముందు ఫోనా, ముందు ప్రథమ చికిత్సా?

బిడ్డకు స్పృహ ఉండి, ఊపిరి సరిగా తీసుకుంటూ ఉంటే నోట్లో మిగిలింది ఉమ్మించండి, నోరు పుక్కిలింపజేయండి, డబ్బా పట్టుకుని ఫోను చేయండి. ఇదంతా ఒకటి రెండు నిమిషాల పని. స్పృహ లేకపోతే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108ని పిలవాలి. అలాంటప్పుడు విష సమాచార కేంద్రానికి ఫోను పక్కనున్నవారు చేయాలి, లేదంటే అంబులెన్సులో చేయవచ్చు. గడ్డిమందు గుటక వేసిందన్న అనుమానం ఉంటే లక్షణాల కోసం గానీ, ఫోను కలవడం కోసం గానీ ఆగకుండా బయలుదేరండి. గడ్డిమందుల్లో ఒకటైన పారాక్వాట్‌కు విరుగుడు లేదు, కొద్దిగా లోపలికి పోయినా ప్రాణాంతకమే.

మా ఊళ్లో కుంకుడు రసం తాగించి కక్కిస్తారు. ఉప్పునీళ్లు ఇస్తారు. నేను అలా చేయించవచ్చా?

చేయించవద్దు. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. కుంకుడు రసం నురగ, దాంతోపాటు కడుపులోని విషం ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కిరోసిన్ విషయంలో అసలు ముప్పే ఊపిరితిత్తులకు. యాసిడ్ తాగినవారు కక్కితే అన్నవాహిక రెండోసారి కాలుతుంది. ఉప్పునీళ్లు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి పిల్లలకు ఫిట్స్ వస్తాయి. గొంతులో వేలు పెట్టడం, చింతపండు పులుసు, గుడ్డు తెల్లసొన కూడా వద్దు. యాసిడ్‌కు విరుగుడుగా సున్నపు నీళ్లు ఇవ్వడం అన్నింటికంటే చెడ్డ ఆలోచన. పెద్దవాళ్లు, వంటవాళ్లు ఒత్తిడి చేస్తారు. "ఢిల్లీ డాక్టర్లను అడుగుతున్నాను, వాళ్లు చెప్పేదాకా నోట్లో ఏమీ పోయవద్దు" అనండి. గొడవ సగం అక్కడే ఆగుతుంది.

కంట్లోనో, ఒంటి మీదో పడితే?

ముందు నీళ్లు, తర్వాతే ఫోను. కన్నయితే రెప్పలు తెరిచి పట్టుకుని 15 నుంచి 20 నిమిషాలు ధారగా కడగాలి. సున్నం, యాసిడ్ విషయంలో ఆ నిమిషాలే చూపును కాపాడతాయి. పురుగుమందు ఒలికితే బట్టలు తీసేసి సబ్బుతో, తల వెంట్రుకలతో సహా స్నానం చేయించాలి. మీరు చేతి తొడుగులు వేసుకోండి, ఆ మందు మీ చర్మంలోంచి కూడా పోతుంది.

మరుగుదొడ్డి కడుగుతుంటే ఘాటు వాసన వచ్చి పిల్లలకు దగ్గు మొదలైంది. ఏమై ఉంటుంది?

యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఉంటారు. కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అందరినీ గాలి తగిలే చోటికి తీసుకురండి. ఆస్తమా ఉన్న పిల్లలను ముందు చూడండి. రెండు సీసాల వివరాలతో ఫోను చేయండి. అసలు పిల్లలతో మరుగుదొడ్లు కడిగించడం ఎందుకన్నది వేరే ప్రశ్న, దాన్నీ మీరు లేవనెత్తవచ్చు.

పాము కరిచినా, తేలు కుట్టినా ఈ నంబరుకే చేయవచ్చా?

చేయవచ్చు, కానీ బండి కదిలాక. పాముకాటుకు పనిచేసే మందు యాంటీ వీనం ఒక్కటే, అది ఆసుపత్రిలోనే ఉంటుంది. కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి తీసుకువెళ్లండి. హాస్టల్లో నేల మీద పడుకునే పిల్లల విషయంలో కట్లపామును మరచిపోవద్దు. దాని కాటుకు నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచిన బిడ్డకు కనురెప్పలు వాలిపోతుంటే అజీర్తి మాత్ర ఇచ్చి పడుకోబెట్టకండి. కేంద్ర ప్రభుత్వం 2024లో పాముకాటు కోసం 15400 నంబరును ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన అయిదు చోట్లలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

## ఫోనులో

వాళ్లు ఏమేమి అడుగుతారు?

వయసు, బరువు, వస్తువు పేరు, లేబుల్ మీద ఉన్న రసాయనం, ఎంత, ఎప్పుడు, మింగాడా నమిలాడా తాకాడా, ఇప్పటి లక్షణాలు, ఇప్పటికే ఏమైనా తాగించారా, బిడ్డకు పాత జబ్బులు ఉన్నాయా. నాడి, శ్వాస, కంటిపాప పరిమాణం చూసి ఉంచుకోండి. కంటిపాపలు సూదిమొనలా ముడుచుకుని నోట్లో చొంగ, ఒళ్లంతా చెమట ఉంటే పురుగుమందును అనుమానిస్తారు. పెద్దవై, నోరు ఎండి, ఒళ్లు కాలిపోతూ, లేనివాటిని పట్టుకోబోతుంటే ఉమ్మెత్తను అనుమానిస్తారు. మీరు చూసి చెప్పే ఆ ఒక్క వాక్యం వారి జవాబును మార్చేస్తుంది. ఫోను పెట్టే ముందు మాట్లాడిన వారి పేరు, సమయం రాసుకోండి. మళ్లీ ఎప్పుడు చేయాలో కూడా అడగండి.

ఎన్ని మాత్రలు మింగిందో తెలియదు. "రెండే" అంటోంది. నమ్మాలా?

అట్టలో ఎన్ని ఉండాలి, ఎన్ని మిగిలాయి, నేల మీద ఎన్ని దొరికాయి అని లెక్కపెట్టండి. లెక్క తేలనివన్నీ కడుపులో ఉన్నాయనే చెప్పండి. ఇద్దరు ముగ్గురు పంచుకున్నారంటే ప్రతి ఒక్కరూ మొత్తం మింగినట్టే అనుకుని లెక్క వేయాలి. పిల్లలు భయపడి తగ్గించి చెబుతారు, అది అబద్ధం కాదు, భయం. తిట్టకుండా అడిగితే అంకె మారుతుంది.

ఆటస్థలంలో ఏవో గింజలు తిన్నారు. చెట్టు పేరు తెలియదు. ఎలా చెప్పాలి?

కొమ్మ, ఆకు, కాయ, తిన్న గింజ కలిపి ఒక కవర్లో పెట్టి, ఫొటో తీయండి. మన బడుల చుట్టూ తరచుగా ఎదురయ్యేవి కొన్నే. వాటిలో మొదటిది అడవి ఆముదం, కొన్నిచోట్ల నేపాళం అంటారు. కంచెగా పెంచుతారు. గింజ రుచి వేరుశనగ పలుకులా ఉండటంతో ఒకడు తింటే పదిమంది తింటారు. గంటా రెండు గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఒంట్లో నీరు తగ్గకుండా చూస్తే చాలామంది కోలుకుంటారు.

పచ్చగన్నేరు అలా కాదు. దాని పప్పు గుండె లయను దెబ్బతీస్తుంది. పిల్ల మామూలుగా ఉన్నా ఈసీజీ ఉన్న ఆసుపత్రికి పంపాల్సిందే. గురివింద గింజ పైపెంకు గట్టిది. నమలకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటకు పోతుంది, నమిలితే ప్రమాదం. ఆముదం గింజలకూ అంతే. ఈ రెండింటిలో లక్షణాలు ఆలస్యంగా కూడా రావచ్చు. అందుకే "నమిలాడా?" అన్న ప్రశ్నకు జవాబు ఫోను చేసే ముందే పిల్లవాడి నోరు తెరిచి చూసి తెలుసుకోండి.

పేరు కచ్చితంగా తెలియనప్పుడు ఊహించి చెప్పవద్దు. గన్నేరు అనుకుని నేపాళం అన్నా, నేపాళం అనుకుని గన్నేరు అన్నా నష్టమే. "తెలియదు, ఆకు ఇలా ఉంది, పాలు కారుతోంది, కాయ పచ్చగా ఉంది" అని వర్ణిస్తే చాలు.

లైను కలవకపోతే?

రెండుసార్లు ప్రయత్నించి, పీహెచ్‌సీ వైద్యాధికారికి గానీ దగ్గరి ఏరియా ఆసుపత్రి అత్యవసర విభాగానికి గానీ ఫోను చేయండి. ఎవరూ దొరక్కపోతే పంపడమే మేలు.

## ఏది ఎంత ప్రమాదం

సుద్దముక్క, పెన్సిల్ ముక్క, సిరా, సంచిలోని తెల్ల గుళికల పొట్లం మింగితే?

ఇవి దాదాపు విషం కావు. పెన్సిల్లో ఉండేది గ్రాఫైట్, సీసం కాదు. కొత్త బూట్ల పెట్టెలో వచ్చే సిలికా జెల్ గుళికలు కూడా విషం కాదు, గొంతుకు అడ్డుపడటమే ముప్పు. నోరు కడిగి కొన్ని నీళ్లు ఇవ్వండి. సందేహం ఉంటే ఫోను చేయండి, "చిన్న విషయానికి చేశారు" అని అక్కడ ఎవరూ అనరు.

వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలు ఎక్కువ మింగేసింది. మంచిదే కదా?

కాదు. ఒక్కో నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు దాటితే విషలక్షణాలు మొదలుకావచ్చు, అంటే 30 కిలోల పిల్లకు పది మాత్రలు. చిన్నపిల్లలకిచ్చే గులాబీ మాత్రలో 45 మిల్లీగ్రాములు. మొదట వాంతులు, కడుపునొప్పి వస్తాయి. తర్వాత కొన్ని గంటలు బిడ్డ తేరుకున్నట్టు కనిపిస్తుంది. మోసపోయేది అక్కడే, ఆ తర్వాత కాలేయం, రక్తప్రసరణ దెబ్బతినవచ్చు. మాత్రలు పిల్లల చేతికిచ్చి పంపకుండా మీ ఎదుటే మింగించే పద్ధతి ఇందుకే.

జ్వరం మాత్రలే కదా, పారాసెటమాల్‌తో ఏమవుతుంది?

నా దృష్టిలో బడి మందుల బీరువాలో అన్నింటికంటే తక్కువగా అంచనా వేసే మందు ఇదే. మోతాదు మించినా మొదటి రోజు లక్షణాలు దాదాపు ఉండవు. కాలేయం దెబ్బతిన్న సంగతి రెండు మూడు రోజులకు తెలుస్తుంది. ఎసిటైల్ సిస్టీన్ అనే మంచి విరుగుడు ఉంది, మింగిన 8 గంటల లోపు ఇస్తే బాగా పనిచేస్తుంది. అందుకే మింగిన సమయం నిమిషాలతో సహా రాయండి. రాత్రి మింగిందని ఉదయం తెలిస్తే, ఆ 8 గంటలు అయిపోతున్నట్టే లెక్క. అప్పటికీ మందుతో ఉపయోగం ఉంటుంది, ఆలస్యమైందని మానేయవద్దు.

కర్పూరం, కలరా ఉండలు రెండూ ఒకటేనా?

చూడటానికి ఒకేలా ఉన్నా విషం వేరు. కర్పూరం మింగితే నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు, వెంటనే పంపాలి. నాఫ్తలీన్ కలరా ఉండ అప్పటికప్పుడు ఏమీ చేయకపోవచ్చు. జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఒక ఎంజైము) లోపం పుట్టుకతో ఉన్న పిల్లల్లో మాత్రం ఒకటి రెండు రోజులకు ఎర్రకణాలు చిట్లి కామెర్లు, ముదురు రంగు మూత్రం కనిపిస్తాయి.

ఎలుకల మందు తిన్నాడు గానీ హాయిగా ఆడుకుంటున్నాడు. ఆగవచ్చా?

ఆగవద్దు. పసుపు భాస్వరం (ఎల్లో ఫాస్ఫరస్) ఉన్న పేస్టు రెండు మూడు రోజుల తర్వాత కాలేయాన్ని పాడుచేస్తుంది. బిస్కెట్టులా ఉండే రకాల వల్ల రోజుల తర్వాత రక్తస్రావం కావచ్చు. జింక్ ఫాస్ఫైడ్ గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. ఏ రకమో పెట్టె చూసి చెప్పాలి.

తలకు వేసుకునే నల్లరంగు తాగితే?

ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. కొన్ని రంగుల్లోని పీపీడీ అనే రసాయనం వల్ల ముఖం, మెడ, నాలుక కొన్ని గంటల్లోనే వాచి గొంతు మూసుకుపోతుంది. మూత్రం నల్లబడుతుంది. గొంతుకు రంధ్రం చేసి శ్వాస అందించగల ఆసుపత్రికి నేరుగా వెళ్లాలి.

గుండీ ఆకారంలోని చిన్న బ్యాటరీ మింగాడు. రెండు రోజులు చూద్దామా?

నాణెం విషయంలో చెప్పే మాట ఇది, బ్యాటరీకి పనికిరాదు. అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోతుంది. ఎక్స్‌రే, ఎండోస్కోపీ ఉన్న చోటికి వెంటనే పంపండి. ఏడాది దాటిన పిల్లలకు దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె ఇస్తే కాలడం తగ్గుతుంది. తేనె వెతకడానికి మాత్రం ప్రయాణం ఆపవద్దు.

పాదరసం థర్మామీటరు నోట్లో పగిలింది.

మింగిన పాదరసం పేగుల్లోంచి రక్తంలోకి దాదాపు పోదు. గాజు ముక్కలు చూడండి. నేల మీద పడిన బొట్లను చీపురుతో ఊడ్చవద్దు, ఆవిరి పెరుగుతుంది. కిటికీలు తెరిచి, గట్టి కాగితంతో ఎత్తి మూతగల సీసాలో వేయండి.

## ఆ తర్వాత

భోజనం తర్వాత పదిమందికి వాంతులు. ఇది కూడా వారి పనేనా?

ఎంత సేపటికి మొదలయ్యాయన్నది మొదటి ఆధారం. నిమిషాల్లో మొదలైతే, రుచి తేడాగా ఉందని పిల్లలు అంటే, రసాయనం కలిసిందేమో అనుకోవాలి. 2013 జూలై 16న బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ పురుగుమందు ఉందని పరీక్షలో తేలింది. ఇలాంటి అనుమానం ఉంటే విష సమాచార కేంద్రం సలహా ఎంతో అవసరం. గంటల తర్వాత మొదలైతే ఎక్కువగా ఆహారం పాడైన కారణమే, అప్పుడు పీహెచ్‌సీకి, జిల్లా ఆరోగ్య శాఖకు చెప్పాలి. రెండు సందర్భాల్లోనూ వండిన పాత్రలు కడగనివ్వకండి, అన్నం, కూర, నూనె, నీళ్లు విడివిడిగా తీసి ఉంచండి. ఎవరు ఏం తిన్నారో, ఎప్పుడు వాంతి అయిందో పట్టిక రాయండి. ఒకరిని చూసి ఒకరు కళ్లు తిరిగి పడిపోవడమూ ఉంటుంది. లక్షణాలున్న పిల్లలను మిగతావారి నుంచి కాస్త దూరంగా ఉంచితే అది తగ్గుతుంది.

"బడిలోనే ఉంచి గమనించండి" అన్నారు. రాత్రంతా ఏం చూడాలి?

ఏ లక్షణం, ఎన్ని గంటల పాటు, ఏది కనిపిస్తే బయలుదేరాలి అన్న మూడూ వారినే అడిగి రాసుకోండి. కిరోసిన్ మింగిన బిడ్డకు ఆరు గంటల లోపు దగ్గు, ఆయాసం వస్తే పంపాలి. నిద్రపోతున్న బిడ్డను లేపి చూడాలి. మీ వల్ల కాదనిపిస్తే, రాత్రి మీరొక్కరే ఆరువందల మంది పిల్లలకు దిక్కయితే, ఆ మాట ఫోనులోనే చెప్పండి. గమనించే మనిషి లేనప్పుడు సలహా మారుతుంది.

ఆసుపత్రికి పంపాక నా పని అయిపోయినట్టేనా?

డబ్బా, మిగిలిన మాత్రలు, వాంతి నమూనా, మీరు రాసిన సమయాలు బిడ్డతో పాటు వెళ్లాలి. విష సమాచార కేంద్రం నంబరు కూడా రాసి ఇవ్వండి. అక్కడి వైద్యులు కూడా అదే కేంద్రంతో మాట్లాడవచ్చు. చిన్న ఆసుపత్రిలో ఒక్కరే డ్యూటీలో ఉన్న యువ వైద్యులకు ఇది ఎంత ఉపయోగమో వారే చెబుతారు.

పిల్ల కావాలనే తాగిందని అనిపిస్తే?

మోతాదు ఎంత చిన్నదైనా ఆసుపత్రికి పంపాలి. ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకండి. "ఎందుకు చేశావు?" అని నలుగురిలో నిలదీయవద్దు. కేంద్రానికి ఫోను చేసినప్పుడు ఆ అనుమానం దాచకుండా చెప్పండి, సలహా దాన్ని బట్టి మారుతుంది. కేసు అవుతుందని భయపడి దాచే బడులు ఉన్నాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. మెడికో లీగల్ కాగితం ఆసుపత్రి పని. మాట్లాడటానికి టెలీ మానస్ 14416 ఉంది, పిల్లల సహాయానికి 1098 ఉంది. తిరిగి వచ్చిన పిల్ల పక్క మంచం ఎవరిదో, ఎవరితో ఉంటే కుదుటపడుతుందో వార్డెన్‌తో కలిసి ముందే ఆలోచించండి.

తల్లిదండ్రులకు ఎప్పుడు చెప్పాలి? తెలిస్తే గొడవ చేస్తారు.

మొదటి ఫోను అయిన వెంటనే, బండి ఎక్కే లోపు. ఏం మింగిందో, ఎవరి సలహా తీసుకున్నారో, ఎక్కడికి తీసుకువెళుతున్నారో సూటిగా చెప్పండి. బిడ్డకు ఏ మందులు పడవో, ఇంట్లో ఏమైనా వాడుతున్నారో అడగండి, ఆ జవాబు వైద్యులకు కావాలి.

రిజిస్టరులో ఏం రాయాలి?

సమయం, వస్తువు, మోతాదు, లక్షణాలు, ఎవరితో మాట్లాడారు, ఏం చెప్పారు, మీరు ఏం చేశారు. ఆ వస్తువు పిల్లల చేతికి ఎలా చిక్కిందో కూడా ఒక వాక్యం రాయండి. నీళ్ల సీసాలో యాసిడ్ పోసి ఉంచారా, మందుల బీరువా తాళం ఎవరి దగ్గర ఉంది అన్నవి. ఆ వాక్యం చదివి కొందరు నొచ్చుకుంటారు. అయినా రాసి, ప్రిన్సిపాల్ సంతకం తీసుకోండి.